గాజు అవతలి పడవ

నేను డిగ్రీ చదివే రోజులు. అందరి చేతుల్లోకీ స్మార్ట్‌ఫోన్లు అప్పుడే వస్తున్నాయి. మాది శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు ఊరు. విజయనగరం వైపు హైవే పక్కన పెట్టిన పెద్ద పార్కులో గాజు సొరంగం ఉందనీ, తలమీదే చేపలు ఈదుతాయనీ విని మా నాయనమ్మను తీసుకెళ్లాను.

జన్మంతా చేపలమ్మిన మనిషి సొరంగం గుమ్మం దగ్గరే చెప్పులు విప్పేసింది. "గంగమ్మలోకి సెప్పులేసుకుని ఎల్తామేటే?" అంది. నవ్వుకుంటూ వాటిని నా సంచిలో పెట్టుకున్నాను.

మలుపు తిరగ్గానే, గాజు అవతల ఇసుకలో ఒరిగిన చెక్క పడవ కనిపించింది. నాయనమ్మ గాజును రెండు చేతులా బాదుతూ అరిచింది.

"పడవ ములిగిపోనాదర్రా! మనుసులున్నారేమో, దిగండర్రా!"

జనం గొల్లున నవ్వారు. ఎవరో వీడియో కూడా తీశారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడి గైడు పరుగున వచ్చాడు.

"అలంకారానికి పెట్టిందమ్మా. మొదట్లో ఇక్కడ ఉత్త రాళ్లే ఉండేవి. చేపలు దాక్కోడానికని తర్వాత ఓ పాత పడవ కొని దింపారు. అందులో ఎవరూ లేరు."

నాయనమ్మ గాజుకు నుదురానించి అలాగే ఉండిపోయింది. నేను పుట్టకముందు వేటకెళ్లిన మా తాత తిరిగి రాలేదు. ఖాళీ పడవ మాత్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. ఆవిడ ఈనాటికీ బొట్టు తియ్యలేదు.

"ఇక్కడా అంతేనేటే?" అంది నెమ్మదిగా. "పడవొక్కటే ఉన్నాది, మనిసి లేడు."

ఆ వీడియో చూసి ఇంకా ఎవరైనా నవ్వుతున్నారేమో నాకు తెలియదు. మేం కదిలాక గాజు మీద మిగిలిపోయిన ఆవిడ కుంకుమ మాత్రం అందులో ఉండదు.