పది పరుగుల తేడా

మనిషికీ మనిషికీ మధ్య రెండు మీటర్లుండాలని రోజూ టీవీలో చెబుతున్న ఆ కాలంలో, నన్ను నలుగురిలో కలిపింది వరసగా ఓడిపోవడమే అంటే ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు కూడా నమ్మరు. అప్పటికి నేను వరంగల్ నుంచి ఐర్లండ్ వచ్చి ఏడాది కాలేదు. ఉద్యోగం షానన్‌లో, అద్దె గది ఎన్నిస్‌లో. కోవిడ్ పుణ్యమా అని ఉద్యోగం కూడా గదిలోకే వచ్చేసింది కనుక, మంచం దిగి బల్ల ముందు కూర్చోవడమే నా ప్రయాణం. గది అద్దెకిచ్చిన రాజమండ్రి అక్క (ఆస్పత్రిలో నర్సు, కుటుంబంతో కింది అంతస్తులో ఉండేది) ఒకరోజు మెట్ల దగ్గర ఆపి, "తమ్ముడూ, నువ్వు గోడతో మాట్లాడుతున్నావంట, మా అమ్మాయి విందంట. కాస్త బయటికెళ్ళి మనుషుల్లో పడవయ్యా" అంది. నేను మాట్లాడింది గోడతో కాదు, మీటింగులో మ్యూట్ తీయడం మరిచిపోయి అరగంటసేపు నాలో నేనే. ఆ సంజాయిషీ ఇంకా అధ్వానంగా ఉంటుందని ఊరుకున్నాను.

ఆరుబయట ఆటలకు అనుమతి వచ్చిన వారమే మా కంపెనీ గోడౌన్ సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. ఆయన వయసులో ఉండగా బోస్టన్‌లో ఇళ్ళు కట్టే పనిచేసి, బేస్‌బాల్ పిచ్చితో తిరిగొచ్చినవాడు. నేను మనసులో బోస్టన్ బాబాయి అని పిలుచుకునేవాణ్ణి. "మా బేస్‌బాల్ జట్టుకి మనిషి తక్కువయ్యాడు. నువ్వు క్రికెట్ ఆడతావు కదా?" అన్నాడు. కాలేజీలో ఆడానన్నాను. (అబద్ధం కాదు. ఎక్కువగా నీళ్ళు అందించేవాణ్ణి.) "గ్రాండ్. అయితే బంతి నువ్వే వేస్తావు." (ఐరిష్‌వాళ్ళకి "సరే", "బాగుంది" రెండూ గ్రాండే.)

అలా వేశాను. బేస్‌బాల్‌లో బంతి నేలను తాకకుండా వెళ్ళాలి. నాది అలవాటు కొద్దీ ఓసారి నేలను పలకరించి వెళ్ళేది. పలకరించనప్పుడు, కొట్టేవాడు కోరుకున్న ఎత్తులో, కోరుకున్న వేగంతో వెళ్ళేది. ఇక గాల్లోకి లేచిన బంతిని మావాళ్ళు "నీది", "కాదు, నీదే" అని ఒకరికొకరు మర్యాదగా వదిలేసుకునేవాళ్ళు. రెండు మీటర్ల నిబంధనను మాకంటే శ్రద్ధగా పాటించినవాళ్ళు మా క్లేర్ కౌంటీ మొత్తంలో లేరు. అవతలి జట్ల పరుగులు ఇరవై దాటడం మామూలైపోయింది. ఎన్ని ఇచ్చినా బోస్టన్ బాబాయి "గ్రాండ్" అనేవాడు, గొంతు మాత్రం ప్రతి ఆటకీ కొంచెం తగ్గేది.

చిక్కేమిటంటే, ఏడు ఇన్నింగ్స్ ఆటలో (ఒక్కో ఇన్నింగ్స్‌లో రెండు జట్లూ చెరోసారి బ్యాటింగ్ చేస్తాయి) అయిదు అయ్యాక ఏ ఇన్నింగ్స్ చివరనైనా తేడా పది పరుగులకి చేరితే, జాలిపడి ఆట అక్కడితో ఆపేస్తారు. మేం పూర్తిగా ఆడిన ఆట ఒక్కటీ లేదు. ఓ ఆదివారం డబ్లిన్ నుంచి జట్టు రావాల్సి ఉండగా బాబాయి మమ్మల్ని దూరం దూరంగా నిలబెట్టి చెప్పాడు. "వాళ్ళ కెప్టెన్ ఫోన్ చేశాడు. సగం ఆట కోసం అంతదూరం కారు నడపలేమంటున్నాడు. ఈసారీ మధ్యలో ఆగిపోతే ఇక రారు. వాళ్ళు రాకపోతే ఎవరూ రారు." వారమంతా లాప్‌టాప్ తెరమీద ముఖాలు చూసే నాకు, కాళ్ళతో సహా మనుషులు కనబడేది అక్కడ మాత్రమే. ఆదివారం పోతే నాకు మిగిలేది మళ్ళీ ఆ గదే.

గెలవాలన్న ఆలోచన మాకెవరికీ లేదు. చివరిదాకా ఓడిపోతే చాలు. అయిదో ఇన్నింగ్స్ దాటాం. ఆరోదాంట్లో నా ధారాళం వల్ల తేడా సరిగ్గా పదికి చేరింది. తరవాత మా బ్యాటింగ్‌లో ఇద్దరు అవుటై, ముగ్గురు మూడు బేసుల మీద నిలబడి ఉండగా నా వంతొచ్చింది. నేను అవుటైతే ఆట ముగిసినట్టే. బంతి దూసుకొచ్చి నా తొడకి తగిలింది. నొప్పికంటే ముందు బెంగ తన్నుకొచ్చింది. కాలికి తగిలింది, వికెట్ల ముందే ఉన్నాను, అవుటే. అంపైర్ వేలెత్తకముందే బ్యాటు చంకలో పెట్టుకుని, తలవంచుకుని బయటికి నడిచాను.

"ఎక్కడికి?" అన్నాడు అంపైర్.

"ఎల్బీడబ్ల్యూ" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. అవతలినుంచి బోస్టన్ బాబాయి గొంతు చాలా నెమ్మదిగా వినిపించింది. "బాబూ, అటు కాదు. బంతి తగిలితే మొదటి బేస్ నీకు ఊరికే వస్తుంది. అటు నడువు. కుంటుకుంటూ వెళ్ళినా సరే."

వెళ్ళాను. నేను అక్కడికి చేరగానే ముందున్నవాళ్ళంతా ఒక్కో బేస్ జరిగారు, మూడో బేస్ మీదవాడు హోమ్‌కి, అంటే బయలుదేరిన చోటికి, వచ్చేశాడు. పరుగు. తేడా తొమ్మిది. నా తరవాతివాడు వెంటనే అవుటయ్యాడు, అయినా ఏడో ఇన్నింగ్స్ ఆడించక తప్పలేదు. అందులో నేను మళ్ళీ చేతికి ఎముక లేనట్టు పరుగులిచ్చాను, మావాళ్ళు మళ్ళీ మర్యాదలు చేసుకున్నారు. ఆట పూర్తయింది. డబ్లిన్ కెప్టెన్ మోచేతికి మోచెయ్యి తగిలించి, "వచ్చే నెల వస్తాం" అన్నాడు. బోస్టన్ బాబాయి గ్రాండ్ అనలేదు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క ఫ్రీజర్‌లోంచి బఠాణీల పాకెట్ తీసి నా తొడమీద పెట్టింది. "మళ్ళీ ఓడిపోయారేంటి?"

"ఓడిపోయినం అక్కా. కానీ ఈసారి పూర్తిగ ఓడిపోయినం."

ఆవిడ నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని. నేను ఆ రాత్రే వరంగల్‌కి ఫోన్ చేసి అమ్మకీ, నాన్నకీ, పక్కింటివాళ్ళకీ కూడా ఆ మాటే చెప్పాను. తరవాత డబ్లిన్ దగ్గర లెపర్డ్స్‌టౌన్‌లో పెద్ద ఉద్యోగం వచ్చినప్పుడు ఒక్క మెసేజ్ పెట్టి ఊరుకున్నాను. ఓటమి కబురు చెప్పడానికి అంత సంబరపడిన ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయగా కూడా ఉంటుంది.