సముద్రాన్ని విన్న ఆర్.కె.పేట మనిషి

డెబ్బై ఒకటి యుద్ధంలో మా నాన్న సరుకుల ఓడలో వంటవాడు. శత్రువుల జలాంతర్గామి ఎక్కడ పొంచి ఉందోనన్న భయంతో వారం రోజులు లైఫ్ జాకెట్ విప్పకుండా కూర్చునే కునుకు తీశాడట. వాళ్లకు కాపలా వచ్చిన యుద్ధనౌకలో సోనార్ విన్న మునిరత్నం గారు ఆర్.కె.పేటలో ఉన్నారని ఈమధ్యే మాజీ నావికుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నాన్న ఇప్పుడు లేడు కాబట్టి నేనే బయల్దేరాను.

చెన్నైలో ఉదయం ఆరున్నరకు లోకల్ ఎక్కి, తిరువళ్లూరు, తిరువాలంగాడు దాటి తొమ్మిది దాటాక తిరుత్తణిలో దిగాను. టికెట్ పాతిక రూపాయల లోపే. అక్కడ ఇడ్లీ తిని ఆర్.కె.పేట బస్సెక్కితే మరో గంట. మగ్గాల చప్పుడు వినబడే వీధిలో అడగమన్నాడు కండక్టర్. తీరా దిగితే ఏ వీధిలో చూసినా అదే చప్పుడు.

మునిరత్నం గారికి డెబ్బై అయిదు దాటాయి. షెడ్డులో ఆరు మరమగ్గాలు ఆడుతుంటే నా మాట నాకే వినబడలేదు. ఆయన మాత్రం ఉన్నట్టుండి మూడో మగ్గం ఆపమని కోడలికి సైగ చేశారు. చూస్తే పోగు తెగి ఉంది! ఈ చెవి వల్లే ఆయన్ని సోనార్ ముందు కూర్చోబెట్టారట. అది నీళ్లలోకి టింగుమని శబ్దం పంపుతుంది, దేనికైనా తగిలితే తిరిగొస్తుంది. వచ్చిన శబ్దం శ్రుతి కాస్త హెచ్చితే ఆ వస్తువు మన వైపే వస్తున్నట్టు. అంత సముద్రాన్ని రెండు చెవులతో కాపలా కాయడమంటే మాటలా!

షెడ్డు బయట అరుగు మీద కూర్చున్నాక, నీళ్లలో బాంబులు పేలాయని నాన్న చెప్పిన మధ్యాహ్నం గురించి అడగ్గానే ఆయన తల దించుకున్నారు.

"శ్రుతి హెచ్చింది, జలాంతర్గామే అని చెప్పినాను. నీళ్లలో బాంబులేసినారు. తేలిందంతా చచ్చిన చేపలేమ్మా. కప్పల్, అదే ఆ ఓడ, దిగేదాకా నన్ను చేపల మునిరత్నం అనే పిలిచినారు. ఇంట్లో ఎవురికీ చెప్పలే."

అప్పుడు నాన్న మాట చెప్పాను. ఆ పేలుళ్లు వినగానే, తమ కోసం ఎవరో చెవి ఒగ్గి ఉన్నారని సరుకుల ఓడలో అందరికీ ధైర్యం వచ్చిందట. నాన్న జాకెట్ విప్పి తల కింద పెట్టుకున్నాడట.

"నిద్రపోయినాడా?"

"సాయంత్రం దాకా లేవలేదట, అయ్యా."

ఆయన లేచి మగ్గాలన్నీ ఆపించి, కోడల్ని పిలిచి కూర్చోబెట్టి, మొదటి నుంచి అంతా చెప్పారు.

తప్పవుతుందేమోనని ఆయన ఊరుకుని ఉంటే? తిరుగు రైల్లో ఇదే ఆలోచన. నవ్వులపాలైనా సరేనని నోరు తెరిచిన మనిషికి దండం పెట్టాలనిపించింది. మీరూ వెళ్లాలనుకుంటే మగ్గాలు ఆపే భోజనాల వేళకు చేరుకోండి. చేపల సంగతి అడగక్కర్లేదు, ఇప్పుడు ఆయనే ముందు చెబుతున్నారట.