తగరం ఏడుపు

నేను మదనపల్లెలో ఇంటర్మీడియట్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తాను. ఇరవై ఏళ్లు దాటింది. లోహాల ధర్మాల పాఠంలో తగరం దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ బోర్డు మీద ఒక వాక్యం రాస్తాను: స్వచ్ఛమైన తగరం కడ్డీని వంచితే కిర్రుమని చప్పుడు చేస్తుంది, దీన్ని తగరం ఏడుపు అంటారు. రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో దించుతారు, మరిచిపోతారు. ఆ ఏడుపు ఎలా ఉంటుంది సార్ అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగకపోవడం వల్లనే నా మర్యాద నిలబడింది, ఎందుకంటే నేనూ ఎప్పుడూ వినలేదు. మా ల్యాబులో తగరమంటే ఒక సీసా అడుగున ఉన్న నాలుగు గుళికలు. వాటిని వంచడానికి మనిషి చేతులు చాలవు, చీమల సాయం కావాలి.

ఈ లోటు నన్నేమంత బాధపెట్టలేదు. సోడియాన్ని కిరోసిన్‌లోంచి తీసి, కత్తితో జున్నుముక్కలా కోసి నీళ్లలో వేస్తే చాలు, వెనక బెంచీ వాళ్లు కూడా ముందుకొస్తారు. మెగ్నీషియం వెలిగిస్తే చప్పట్లు. వాటి ముందు తగరం ఏమిటి? మెత్తన, తెల్లన, తొందరగా కరుగుతుంది, గాలినీ నీళ్లనీ పట్టించుకోదు. క్లాసులో గొడవ చేయని పిల్లవాడి పేరు ఏ మాస్టరుకు గుర్తుంటుంది?

గుర్తుండేలా చేసింది మా అక్క.

అక్క కుప్పంలో ఉంటుంది. ఫంక్షన్లకు వంట చేసిపెడుతుంది. ఇన్నాళ్లూ చేసినవి చిన్నవి. సీమంతాలు, పేరు పెట్టే కార్యాలు, యాభై అరవై మందికి. పోయినేడు శాంతిపురంలో ఒక గ్రానైటు వ్యాపారి గృహప్రవేశానికి మూడు వందల మందికి వండమని కబురొచ్చింది. ఆ వ్యాపారి తల్లి ఒక షరతు పెట్టింది. అల్యూమినియం గిన్నెలు ఆమె కొత్త గడప తొక్కకూడదు. ఇత్తడి గుండిగల్లోనే వండాలి, వాటికి కొత్తగా కళాయి వేయించి ఉండాలి. పొయ్యెక్కించే ముందు ఆమె స్వయంగా లోపల చూస్తుంది. నచ్చకపోతే అక్కడికక్కడే వంటమనిషి మారిపోతుంది. ఇంకొకామెను తయారుగా ఉండమని ముందే చెప్పిపెట్టారట.

“ఇది నిల్చిందంటే ఈ పక్క పెద్ద వంటలంతా నాకే వస్తాయి రా. పోయిందా, మళ్లా సీమంతాలే” అంది అక్క ఫోనులో.

అక్క దగ్గర వాళ్ల అత్తగారి కాలంనాటి ఇత్తడి గుండిగలు రెండున్నాయి. కళాయి ఎప్పుడో పోయింది. ఇత్తడంటే రాగి, జింకు కలిసిన లోహం. చింతపండు పులుసు తగిలితే అది ఊరుకోదు. పచ్చగా చిలుము పుడుతుంది, సాంబారు చేదెక్కుతుంది, తిన్నవాళ్ల కడుపులో తిప్పుతుంది. లోపల గోరంత మందం కూడా లేని తగరం పొర ఒకటి ఉంటే పులుపు పప్పులు ఉడకవు. కళాయి అంటే అంతే.

కళాయి వేసే పెద్దాయన ఒకరు పుంగనూరులో ఉన్నారని అక్కే కనుక్కుంది. ఆయనది ఒక పద్ధతి. తగరం ఆయన పెట్టడు, వేయించుకునేవాళ్లే తెచ్చుకోవాలి. ఎప్పుడో ఎవరో ఆయన తగరంలో సీసం కలిపాడని అన్నారట. ఆ రోజునుంచి ఇంట్లో తగరం ఉంచడం మానేశాడు. కాబట్టి తగరం తెచ్చే పని నా మీద పడింది.

“నువ్వు చదివిందే అది కదా” అంది అక్క.

కాదనడానికి కారణం దొరకలేదు. మదనపల్లెలో ఒక హార్డ్‌వేరు షాపులో తగరం కావాలంటే ఒక కడ్డీ ఇచ్చారు. తెల్లగా మెరిసింది. గోటితో గీస్తే గీత పడింది. అంతా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. అయినా శాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి అక్కడితో వదలలేదు. ల్యాబులో చిన్న ముక్క కోసి, మూసలో వేసి, కింద బర్నరు పెట్టి థర్మామీటరు దించాను. తగరం రెండు వందల ముప్ఫై రెండు డిగ్రీల దగ్గర కరగాలి. ఇది నూట తొంభై దాటకముందే నీళ్లయిపోయింది. కల్తీ ఉంటే లోహం తక్కువ వేడికే కరుగుతుందని ఏటా చెప్పేది నేనే. అదీ రెండు మార్కుల ప్రశ్నే. కానీ ఆ సాయంత్రం నాకు తట్టింది వేరు: థర్మామీటరు పాతబడిపోయింది. కొత్తది కావాలని ప్రిన్సిపాలుకు కాగితం కూడా రాసిచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం విందు. శనివారం పొద్దున అక్క గుండిగలు రెండూ ఒకదాంట్లో ఒకటి పెట్టి, గోతంలో కట్టి, తొలి బస్సుకు పుంగనూరు చేరుకుంది. నేను మదనపల్లె నుంచి కడ్డీతో వెళ్లాను.

పెద్దాయన ఇంటిముందు నేలలో చిన్న గుంత, పక్కన చేత్తో తిప్పే గాలిచక్రం, ఒక బొగ్గుల మూట. ఆయన భార్య గడప మీద కూర్చుని కొత్తిమీర ఏరుతోంది. నేను కడ్డీ ఇచ్చాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు. నేరుగా భార్య దగ్గరికి వెళ్లి, ఆమె చెవి పక్కన పెట్టి, రెండు చేతులతో మెల్లగా వంచాడు. ఆమె చేతిలో కొత్తిమీర ఆగింది. ఇద్దరూ కదల్లేదు.

“రోతా నై” అంది ఆమె.

ఆయన ఇంకోసారి వంచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

“ఏడవలేదంట సార్” అన్నాడాయన నాతో. “నాకు పదేండ్లుగా చెవులు సరిగా వినపడవు. ఇనేది ఆమె, ఏసేది నేను.”

నేను గొంతు సవరించుకున్నాను. “ల్యాబులో పరీక్ష చేసే తెచ్చినాను భాయ్” అని కాస్త గట్టిగా చెప్పాను.

“ఏం పరీక్ష సార్?”

“కరిగించి చూసినా.”

“బిన్నా కరిగిందా?”

“చాలా బిన్నా కరిగింది, నూట తొంభై కూడా దాటలేదు” అన్నాను, అదేదో నా ప్రయోజకత్వమైనట్టు.

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“బిన్నా కరిగితే దాంట్లో సీసం ఉండాదనే కదా సార్ అర్థం. ఇది టంకం కడ్డీ. వైర్లు అతికిస్తారే, అది.”

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. “ఏమిరా, నువ్వు పిల్లోళ్లకు చెప్పేదేమి?”

“గమ్మునుండమ్మా” అంది పెద్దాయన భార్య. “సార్ మొగం సూడు, పాపం.”

ఆ జాలి నాకు అక్క మాటకంటే గట్టిగా తగిలింది. అక్కకు మాత్రం నా ముఖం గురించి ఆలోచించే తీరిక లేదు. గోతం విప్పి గుండిగలు బయటపెట్టి, ఆయన చెవి దగ్గరికి వంగి అడిగింది.

“ఇదే ఏసెయ్యి భాయ్ ఈసారికి. తెల్లగానే ఉండాది కదా. ఆ ముసలామె కంటితో సూసేదే కానీ, చెవి పెట్టి ఇనేది లేదు. ఎవురికి తెలుస్తాది?”

“కంటికి తెలీదమ్మా, పులుసుకు తెలుస్తాది” అన్నాడాయన. గొంతులో కోపం లేదు. “సీసం పులుసులో దిగుతాది. మూడు నూర్ల మంది తింటారు, చిన్న పిల్లోళ్లు తింటారు. అట్ల నా చేత్తో ఏసేది లేదు. గుండిగలు తీసకపోతానంటే తీసకపో, నేనేమీ అనుకోను.”

సీసం ఒంట్లో చేరితే ఏమవుతుందో నేను ఒక పీరియడంతా చెప్పగలను. ఆ ఐదు నిమిషాల్లో ఒక్క మాట చెప్పలేదు. నా సబ్జెక్టు ఆయన నోటినుంచి వస్తుంటే విద్యార్థిలా నిలబడ్డాను.

అక్క గుండిగ అంచు తుడిచింది. తర్వాత, “ఇప్పుడు మంచి తగరం యాడ దొరుకుతాది?” అంది.

“మదనపల్లెలో దొరుకుతాది. వంచి సూసి, ఏడిస్తే తెచ్చుకోండి.”

“ఎలా ఏడుస్తుందో నాకు తెలియదు భాయ్” అన్నాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఈ మాట పైకి అన్నాను. “నేనెప్పుడూ వినలేదు.”

పెద్దాయనకు ఇది వినబడలేదు. ఆయన భార్యకు వినబడింది. కొత్తిమీర పక్కనపెట్టి లోపలికి వెళ్లి బురఖా వేసుకొచ్చింది.

“పదండి సార్, నేనొస్తా. మీ చెవిని నమ్మి పంపిస్తే ఈ తూరి ఇనుము తెస్తారు.”

అలా నేను మళ్లీ మదనపల్లె బస్సెక్కాను, ఈసారి అర్హత ఉన్న మనిషితో. దారిలో ఆమె చెప్పింది: ఈ వినికిడి ఆమెకు వాళ్ల నాయన నేర్పాడట, ఆయనా కళాయి వేసేవాడే. “చెవి దగ్గర పెట్టి వంచు, అది మాట్లాడతాది, అనేటోడు మా నాయన. బడికి పంపలేదు గానీ ఇది నేర్పించినాడు.”

మొదటి షాపులో కడ్డీ వంచాను. ఆమె తల ఊపలేదు. రెండో షాపులో వంచకముందే, చేత్తో బరువు చూసి పక్కన పెట్టేసింది. సీసం తగరంకంటే చాలా బరువు. సాంద్రతల పట్టిక నా దగ్గరుంది, ఆమె దగ్గర చెయ్యి ఉంది. మూడో షాపులో ఒక పాత చెక్కపెట్టె అడుగునుంచి కడ్డీ తీశారు. ఆమె చెవి పక్కన పెట్టి వంచాను. ముసుగులోంచే ఆమె కళ్లు నవ్వాయి.

“రోతా. ఇనండి సార్, మీరూ ఇనండి.”

నా చెవి దగ్గర పెట్టి వంచాను. పచ్చిబియ్యం పంటికింద నలిగినట్టు, కడ్డీ లోపల్నుంచి కరకరమని సన్నటి చప్పుడు. చెవికంటే ముందు వేళ్లకు తెలిసింది. పైకి అది కదిలినట్టే లేదు. లోపల స్ఫటికాలు వరస తప్పి, అద్దంలో ప్రతిబింబంలా పక్కకు తిరిగి కుదురుకుంటున్నాయి. ఆ కుదురుకోవడమే మనకు వినబడేది. ఇదంతా నాకు తెలుసు, చెప్పాను, మార్కులు వేశాను. కానీ ఇంత మెత్తటి, ఇంత నోరులేని లోహం లోపల ఇంత యవ్వారం ఉందని నా వేళ్లకు తెలియదు. ఇంకోసారి వంచాను. ఇంకోసారి.

“సార్, కొంటారా, ఈడనే వాయిస్తా కూసుంటారా?” అన్నాడు షాపాయన.

కొన్నాం. పుంగనూరు చేరేసరికి రెండు దాటింది. అక్క గుండిగలు తోమి తోమి, బంగారు రంగుకు తెచ్చి, ఎండలో బోర్లించింది. కుప్పం వైపు అక్క ఎక్కాల్సిన బస్సు ఐదుకు. పెద్దాయన సూర్యుణ్ణి, గుండిగలను చూసి ఒక వేలు చూపించాడు.

“ఒకటే అవుతాది. రెండూ అంటే రెండూ సరిగా రావు.”

అక్క ఒక్క క్షణం కళ్లు మూసుకుని పెద్ద గుండిగ ముందుకు తోసింది. “దీంట్లో సాంబారు, ఆమీద రసం. చిన్నదాంట్లో అన్నమొక్కటే వండుకుంటా.”

“అన్నానికి కళాయి లేకున్నా ఏం కాదమ్మా. పులుపు పడనీకు, అంతే.”

తర్వాత చూసినదాన్ని ఎంత తగ్గించి చెప్పాలన్నా నాకు చేతకావడం లేదు. గుండిగను బొగ్గుల మీద తిప్పుతూ, వేడి పదునుకు రాగానే పిడికెడు నవాసాగరం చల్లాడు. గుప్పుమని తెల్లటి పొగ. అమ్మోనియం క్లోరైడు ఇత్తడి మీది ఆక్సైడును తినేస్తోంది, అని నా బుర్ర దానంతట అదే గొణిగింది. వెంటనే కడ్డీ కొన లోపల ఆనించాడు. తగరం చుక్క వెండిలా జారింది. దూదితో ఒక్క తోపు. పసుపుపచ్చటి లోపలి గోడ మీద వెన్నెల రంగు పరుచుకుంటూ పోయింది, ఆయన చెయ్యి ఎటు పోతే అటు. పల్చన ఎక్కడా కాలేదు, గడ్డ ఎక్కడా కట్టలేదు. క్షణం ఆలస్యమైతే నల్లబడుతుంది, క్షణం ముందైతే అతుక్కోదు. ఆ క్షణాన్ని ఆయన ఏ థర్మామీటరుతో పట్టుకున్నాడో నేను చూడలేదు, ఎందుకంటే అక్కడ అది లేదు.

మర్నాడు నేనూ శాంతిపురం వెళ్లాను, వడ్డించడానికి. పొయ్యిల దగ్గరికి వ్యాపారి తల్లి వచ్చింది. ఎనభై ఏళ్లుంటాయి. పెద్ద గుండిగలోకి వంగి చూసింది, వేలితో లోపలంతా రాసింది, వేలు చూసుకుంది. రెండోదాని దగ్గరికి వెళ్లింది. ఆగిపోయింది.

“ఇదేమి మే, దీనికి ఏపించలేదా?”

బయట ఆటోలో ఇంకో వంటామె గిన్నెలు దించడానికి సిద్ధంగా ఉంది. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. బస్సు తప్పిందనో, ఈ మధ్యే వేయించామనో ఏదో ఒకటి అంటుందనుకున్నాను.

“లేదవ్వా. మా తమ్ముడు ముందు సీసం కలిసింది తెచ్చినాడు. దాన్ని ఏసేది లేదన్యాడు పుంగనూరు సాయిబు. మంచిది తెచ్చేతలికి పొద్దు పోయింది. ఒకటే ఏసినాడు. దీంట్లో అన్నం తప్ప ఏమీ వండను.”

ముసలామె నన్ను చూసింది. నేను దూరంగా ఉన్న టెంటు గుంజను చూశాను.

“సీసమైతే ఏసేది లేదన్యాడా?”

“గుండిగలు తీసకపొమ్మన్యాడు అవ్వా.”

ఆమె ఒక కుర్చీ తెప్పించి, చిన్న గుండిగ పక్కనే వేయించుకుని కూర్చుంది. “సరే, ఎక్కించు. దీంట్లో పులుపు పడకుండా నేను సూసుకుంటా.” ఆటోలో ఉన్నామెకు టిఫిను పెట్టి పంపమని కొడుక్కి చెప్పింది.

అన్నం నాలుగు వాయిలు వండారు. నాలుగో వాయి దిగేదాకా ఆమె కుర్చీ కదల్లేదు. సాంబారు గరిటె పట్టుకుని ఎవరైనా ఆ దారిన వస్తే కసిరి పంపేసింది. మధ్యలో ఇద్దరు చుట్టాలు అక్క ఫోను నంబరు అడిగారు. అక్క చేతులు ఖాళీలేక నన్ను చెప్పమంది. చెప్పి, పెరుగు బకెట్టు ఎత్తుకుని పంక్తి వైపు నడిచాను.

“ఏయ్ సారూ! పెరుగు అవతలి పక్కనుంచి ఎత్తకపో!” అని కుర్చీలోంచి ముసలామె అరిచింది.

షామియానా చుట్టూ తిరిగి వెళ్లాను.