డేగకు దక్కిన చోటు

మొన్న మా మేనల్లుడు కువైట్‌లోని ఫర్వానియా నుంచి వీడియో పంపాడు. సెలవు దొరికిందని గదిలో ఉండే నలుగురూ కలిసి క్యారవాన్ అద్దెకు తీసుకుని సాల్మీ వైపు ఎడారికి వెళ్లారట, అక్కడ రాళ్లెక్కి దిగడాన్ని హైకింగ్ అంటారట. డబ్బిచ్చి కాళ్లకు బొబ్బలు తెచ్చుకునే ఆ ముచ్చట చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ రాళ్లన్నీ నేను జీతానికి ఎక్కినవే.

నా వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కువైట్‌కు పనికి వెళ్లినవాడి పాస్‌పోర్ట్ కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బీరువాలోనే ఉండేది. మా కఫీల్ ప్రతి చలికాలం జీపుకు క్యారవాన్ తగిలించుకుని, భార్యాబిడ్డలతో ఆ గుట్టల దగ్గర మకాం వేసేవాడు. వంటవాడిగా నేనూ, పిల్లల్ని చూసుకునే రాజంపేట అక్కా వెంట వెళ్లేవాళ్లం. ఆయన ప్రతి రాయికీ ఒక పేరు పెట్టి, ఎడారంతా తన అరచేతిలో ఉందని అతిథుల ముందు కోతలు కోసేవాడు. వంటచెరకు కోసం రోజూ ఆ గుట్టలన్నీ తిరిగే నేను చాయ్ అందిస్తూ వినేవాణ్ణి. ఆ మహానుభావుడు క్యారవాన్ దాటి నాలుగడుగులు వేస్తే, తిరిగి రావడానికి నన్నే కేకేసేవాడు.

అక్క మాత్రం ఏదో వంక చెప్పి, మేం మామా అని పిలిచే ఇంటావిడ దగ్గర తన పాస్‌పోర్ట్ తీసుకుని దిండులో పెట్టి కుట్టేసుకుంది. "నీది గూడా అడిగి తెచ్చుకోరా, వాళ్లను నమ్మితే ఎట్లా?" అనేది. కఫీల్ బీరువా బ్యాంకు కంటే భద్రమని నేను ఆమెను ఎగతాళి చేశాను. నా తెలివి అంతటిది.

ఇరాక్ సైన్యం వచ్చిపడిన వారానికి అందరం ఆ క్యారవాన్‌లోనే సౌదీకి బయలుదేరాం. సైనికులున్న రోడ్డు వదిలి ఇసుకలోకి దిగాడో లేదో, మా ఎడారి పుత్రుడు దారి తప్పాడు. మూడుసార్లు ఒకే రాయి దగ్గర తేలాక నేను దిగి, గుట్టల ఆనవాళ్లు పట్టుకుని ఆగస్టు ఎండలో ముందు నడుస్తుంటే, బండి నా వెనక వచ్చింది. సరిహద్దు దగ్గర ఆయన పెట్టె తెరిచాడు. తన కాగితాలున్నాయి, మామా నగలున్నాయి, ముందు సీట్లో తలకు తోలు టోపీ తొడిగిన ఆయన వేట డేగ కూడా ఉంది. నా పాస్‌పోర్ట్ మాత్రం ఇంట్లో బీరువాలోనే ఉండిపోయింది.

పాస్‌పోర్ట్ లేనివాణ్ణి దాటనివ్వం అన్నారు కాపలావాళ్లు. "ఖలాస్, నువ్వు వెనక్కి పో" అని కఫీల్ బండెక్కాడు. అక్క నా చేతిలో నీళ్ల సీసా పెట్టి, "చెప్తే ఇన్యావా నాయనా" అని ఏడ్చింది. పక్షికి దక్కిన చోటు నాకు దక్కలేదని ఒళ్లు మండిపోయింది.

వెనక్కి కువైట్ చేరి, మన ఎంబసీ ఇచ్చిన కాగితంతో జోర్డాన్ మీదుగా ఊరు చేరడానికి రెండు నెలలు పట్టింది. యుద్ధం ముగిశాక ఆయన కబురు పెట్టాడు, పాత పాస్‌పోర్ట్ భద్రంగా ఉంది, వచ్చెయ్యమని. కడుపు సిగ్గెరగదు కదా, కొత్తది చేయించుకుని మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాను.

ఇప్పటి పిల్లలు పాస్‌పోర్ట్ తమ దగ్గరే ఉంచుకుంటామని ముఖం మీదే చెప్పేస్తున్నారట, సంతోషం. మా తరానికి ఆ నోరు ఉండి ఉంటే ఎంత బాగుండేదో. నేను తిరిగెళ్లిన రోజు ఆయన నా కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని పాతదాని మీద పెట్టి తాళం వేశాడని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను కానీ, నిజానికి ఆ రోజు ఆయన అడగనైనా లేదు. నేనే రెండు చేతులతో అందించాను.