అమలమ్మ విడితొట్టి

గుణదల అమలమ్మ సంగతి చెబుతాను, వినండి. డెబ్భై ఆరులో ఆడపిల్లల కాలేజీ జువాలజీ ల్యాబులో ఆయా. చదివింది రెండో తరగతే గానీ, సముద్రపు చేపల దగ్గర ఆవిడ మాటంటే మాటే!

బందరు ప్యాసింజర్లో ఊరగాయ జాడీల నిండా సముద్రపు నీళ్ళు మోసుకొచ్చేది. రేకు డబ్బాలో తెస్తే చేప బతకదని ఆవిడ పట్టుదల. కొత్తగా వచ్చిన చేపని ఇరవై ఒక్క రోజులు మూలనున్న చిన్న తొట్టిలో విడిగా ఉంచాల్సిందే. దానికి వల వేరు, మగ్గు వేరు. అందులో చెయ్యి పెడితే, మోచేతిదాకా సబ్బుతో రుద్దుకున్నాకే పెద్ద తొట్టి జోలికి వెళ్ళేది. "బాలింతనైనా ఇంత జాగ్రత్తగా చూడరే తల్లీ!" అని స్వీపరు దానమ్మ ఏడిపించేది.

కొత్తగా చేరిన లెక్చరర్ శివపార్వతి గారు విడితొట్టిలో ఉన్న చారలున్న ఆరు చేపల్ని చూసి మురిసిపోయారు.

"అమలమ్మా, సోమవారం యూనివర్సిటీ వాళ్ళు వస్తున్నారు. పెద్ద తొట్టి ఒక్క చేపతో బోసిగా ఉంది. వీటిని అందులో వదిలెయ్."

"తెచ్చి నాలుగు రోజులే అయిందండీ. కుదరదండీ."

"నిక్షేపంలా ఉన్నాయి గదా! ఏం రోగం వీటికి?"

అమలమ్మ నిజం చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఆ మిగిలిన ఒక్క చేపా పోతుంది. మొగుడు లేని మనిషి, ముగ్గురు పిల్లలు. పాపం, ఏం చేస్తుంది? చెప్పేసింది.

"కిందటేడు పెద్ద తొట్టిలో పదకొండు చేపలు చచ్చిపోయాయండీ. కరెంటు పోయి గాలి ఆడక కాదండీ, నా వల్లే. మేరీమాత తిరునాళ్ళకి చుట్టాలంతా దిగారు. మూడు రోజులు నేను రాకపోతే రెండు తొట్లు ఎవరు చూస్తారు? నిక్షేపంలా ఉన్నాయి గదా అని కొత్తవాటిని పాతవాటిలో కలిపేసి పోయాను. తిరిగొచ్చేసరికి వాటి ఒళ్ళంతా తెల్ల చుక్కలండీ! వారంలో ఇదొక్కటే మిగిలింది. నేరం కరెంటు మీదకి నెట్టేశాను."

శివపార్వతి గారు అంతా విని బయటికి వెళ్ళిపోయారు. తన పని అయిపోయిందనుకుంది అమలమ్మ. అయినా చిత్రం చూడండి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నది. ఏడాది బరువు దిగింది మరి!

సోమవారం రానే వచ్చింది. యూనివర్సిటీ పెద్దాయన పెద్ద తొట్టిలోకి తొంగి చూసి, "ఇంతేనా మీ దగ్గర?" అన్నాడు.

"ఇంకో ఆరున్నాయండీ. గడువు తీరలేదని విడిగా ఉంచాం," అన్నారు శివపార్వతి గారు. "మా అమలమ్మ ఒప్పుకుంటే తప్ప నేనైనా వాటిని ముట్టుకోను."

ఆ మాట విన్నాక అమలమ్మ అక్కడ నిలబడగలిగితేగా! పైట కొంగు నోట్లో కుక్కుకుని వరండాలోకి పరుగెత్తింది.