అప్పలసూరికి వచ్చిన ఇంటర్వ్యూ కార్డు

మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే అందరూ వేపమండలు వెతికేవారు. నేను మాత్రం క్వినైను వేశారా అని అడిగేవాణ్ణి. దెయ్యాలనీ భూతాలనీ అప్పుడు నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. అయినా ఈ సంగతి రాస్తున్నాను. ఇందులో నేను కళ్ళతో చూసిందీ, చేత్తో పట్టుకున్నదీ తప్ప ఇంకేమీ లేదు.

అది యుద్ధం ముగిసిన మరుసటేడు. నేను విజయనగరంలో బి.ఏ. ప్యాసై ఇంటికొచ్చి ఏడాది దాటింది. మాది అనకాపల్లికి కోసు దూరంలో ఉన్న పల్లె. నాన్న చెరుకు రైతు. మా ఇంట్లో, ఆ మాటకొస్తే మా ఊళ్ళోనే, కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే.

ఉద్యోగాలు లేవు. యుద్ధం కోసం తెరిచిన ఆఫీసులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. వాటిలోంచి తీసేసిన గుమాస్తాలు ఒక పక్క, బర్మా నుంచి తిరిగొచ్చిన సిపాయిలు ఇంకో పక్క. ఏ ఆఫీసుకెళ్ళినా ముందు వాళ్ళకే అనేవారు. అనుభవం ఉందా అని అడిగేవారు. ఎవరూ చేర్చుకోకపోతే అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలిసేది కాదు.

మొదట్లో నాన్న పొలం నుంచి రాగానే, "ఏటైనా వచ్చిందేటి?" అని అడిగేవాడు. లేదనేవాణ్ణి. ఆర్నెల్లు పోయేక అడగడం మానేసేడు. అడిగినప్పటికంటే మానేసినప్పుడే ఎక్కువ కష్టంగా ఉండేది. ఊళ్ళో వాళ్ళు నా పేరు మర్చిపోయి 'బియ్యే' అనడం మొదలెట్టేరు. "బియ్యే బాబూ, ఈ చీటీ కాస్త సదివి పెట్టీ" అనేవారు. అందులో ఎగతాళి ఎంతో, మర్యాద ఎంతో ఎప్పుడూ తేల్చుకోలేకపోయేను.

టైపు వస్తే మంచిదని ఎవరో అంటే అనకాపల్లి మెయిన్ రోడ్డులో గౌరీపతి మేస్టారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరేను. కింద బెల్లం గోదాము, పైన మేము. ఎండాకాలం వచ్చిందంటే బెల్లం వాసన, ఈగలు, మిషన్ల టకటక. మేస్టారి దగ్గర నాలుగు మిషన్లుండేవి. కిటికీ పక్కన ఉన్నది నాది. అందులో ఇంగ్లీషు 'ఈ' అక్షరం వరసలో పడేది కాదు, వెంట్రుకవాసి పైకి లేచి పడేది. అందుకే దాని మీద కూర్చోడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. నాకు ఎంచుకునే వీల్లేదు, చివర్లో చేరినవాణ్ణి.

ఆషాఢంలో వాల్తేరులోని ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఒకటి ఖాళీ అయిందని పేపర్లో పడింది. ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. ఆ మధ్యాహ్నమే దరఖాస్తు టైపు చేసేను. కాగితం కింద కార్బను, దాని కింద నకలు కాగితం. మూడో పేరాలో ఒక స్పెల్లింగు తప్పు పడితే రబ్బరుతో చెరిపి దిద్దేను. అక్కడ కాగితం కాస్త నలిగి మచ్చ పడింది. కింద నా పేరు సన్యాసిరావు అనీ, మా ఊరి అడ్రసూ కొట్టేను. మేస్టారికి చూపించేను. ఆయన అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందకి చదివి, "బావుంది, పంపీ" అన్నారు. సంతకం పెట్టి పోస్టులో వేసేను. నకలు నా ఫైల్లో పెట్టుకున్నాను.

తర్వాత మామూలే. రోజూ పోస్టాఫీసు అరుగు మీద కూర్చోడం, ఉత్తరాల కట్ట విప్పడం చూడడం, లేచిపోవడం.

శ్రావణంలో ఒక రోజు, నేను మిషను దగ్గరుండగా, ఒక ముసలామె మెట్లెక్కి వచ్చింది. మాకవరపాలెం అవతల పల్లె నుంచి బొగ్గుతో నడిచే బస్సులో వచ్చిందట. చీర నిండా మసి. కొంగు ముడి విప్పి మడత పడ్డ కార్డొకటి తీసి మేస్టారికి ఇచ్చింది.

"మావోడికొచ్చిందంట బాబూ. పోస్టుమేను ఇచ్చేడు. ఇంగిలీసులో ఉంది. నువ్వు తప్ప నాకెవులూ తెలీదు" అంది.

మేస్టారు కార్డు చూసేరు. ఆయన ముఖం పాలిపోయింది. దాన్ని నా చేతికిచ్చేరు.

అది ఇంటర్వ్యూ కార్డు. ఆర్. అప్పలసూరి, బి.ఏ. అన్న పేరు మీద ఉంది. వాల్తేరులో నేను దరఖాస్తు పెట్టిన ఆఫీసే, ఆ ఉద్యోగమే. 'మీరు ఫలానా తేదీన పంపిన దరఖాస్తు' అని రాసి ఉన్న తేదీ, సరిగ్గా నేను టైపు చేసిన రోజే.

అప్పలసూరి ఎవరని అడిగేను. మేస్టారు నన్ను పక్కకి తీసుకెళ్ళి చెప్పేరు. ఆమె కొడుకే, ఆయన దగ్గర టైపు నేర్చుకున్న కుర్రాడు. బి.ఏ. చదివి మూడేళ్ళు ఉద్యోగానికి తిరిగేడు. కిందటేడు వానల్లో ఎక్కడికో ఇంటర్వ్యూకి నడిచి వెళ్ళొచ్చి చలిజ్వరం తగిలి మంచాన పడ్డాడు. జ్వరం మీద, "నన్ను పిలుస్తున్నారు, నన్నొదలండి, నా పేరు పిలిచేరు" అని లేచి లేచి పడేవాడట. కార్తీకంలో పోయేడు.

"ఏ మిషను మీద నేర్చుకున్నాడు?" అన్నాను. ఎందుకడిగేనో తెలీదు.

మేస్టారు కిటికీ వైపు చూసేరు.

ఫైలు తీసి నకలు చూసేను. నా పేరే ఉంది. నా అడ్రసే ఉంది. అంటే అతని పేరు మీద ఇంకెవరో వేరే దరఖాస్తు పెట్టేరన్న మాట. కానీ ఎవరు పెడతారు? ఆమె ఇంట్లో చదువుకున్నవాడు అతనొక్కడే. నేను కార్డు తెలుగులో చదివి వినిపించేను. ఆమె ఏడవలేదు. కాసేపు గోడకి జారబడి కూర్చుంది.

"నీకుందేటి బాబూ ఉద్దోగం?" అంది.

లేదన్నాను.

"అయితే నువ్వెల్లు. ఆడి కాగితాలు నా కాడున్నాయి. అట్టుకొత్తాను. పిలిసినప్పుడు ఎవులో ఒకలు ఎల్లాల గదా."

మేస్టారు, "అలా చెయ్యకూడదమ్మా, నేరం" అన్నారు. ఆమెకది అర్థమైనట్టు లేదు. మూడో రోజుకి సర్టిఫికెట్లు గుడ్డలో చుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

నేను చేసిన ఆలోచన దాచను. అతని పేరుతో వెళ్ళి ఉద్యోగం సంపాదించాలనే అనుకున్నాను. జీవితాంతం అప్పలసూరిగా బతకడానికి ఆ వారంలో నేను సిద్ధపడిపోయేను. సన్యాసిరావుగా బతికి ఎవరికేం ఉపయోగపడ్డాను? ఇంట్లో మాత్రం నా పేరుతోనే పిలుపు వచ్చిందని చెప్పేను. నాన్న బజారుకెళ్ళి నాకు కొత్త కండువా కొనుక్కొచ్చేడు. అది వేసుకుని పొద్దున్న రైలుబండిలో వాల్తేరు వెళ్ళేను.

ఆఫీసు వరండాలో బల్లల మీద పాతికమంది దాకా ఉన్నారు. మేజా వెనక ఉన్న హెడ్ గుమాస్తాకి కార్డు ఇస్తే, ఆయన దరఖాస్తుల కట్టలోంచి ఒకటి పైకి తీసేడు. తలకిందులుగానే చూసేను. మూడో పేరాలో రబ్బరుతో నలిగిన మచ్చ. ప్రతి వరసలోనూ పైకి లేచిన 'ఈ'. నా మార్కులు, నేను చదివిన సబ్జెక్టులు, నేను కట్టిన వాక్యాలు. కింద పేరు మాత్రం ఆర్. అప్పలసూరి. అడ్రసు మాకవరపాలెం దారిది. సంతకం నాది కాదు.

"ఒక్కసారి చూడొచ్చా అండీ?" అన్నాను.

"మీరు రాసిందే కదండీ, మళ్ళీ చూడ్డమేంటి? వెళ్ళి కూర్చోండి, సర్టిఫికెట్లు లోపల చూస్తారు" అని కట్టలో పెట్టేసేడు.

కార్బను పెట్టి ఒకే దెబ్బకి కొట్టిన రెండు కాగితాలు. ఒక దాని మీద నా పేరు, ఇంకో దాని మీద అతని పేరు. ఇదెలా సాధ్యమో ఆ బల్ల మీద కూర్చుని ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంకో భయం కూడా పట్టుకుంది. లోపల మార్కులు సరిపోల్చితే నా పని అయిపోయినట్టే. దరఖాస్తులో మార్కులు నావి, ఒళ్ళో ఉన్న సర్టిఫికెట్లు అతనివి. అయినా లేచి వెళ్ళిపోలేదు. వెళ్ళిపోతే ఆ కండువాతో నాన్న ముందు నిలబడాలి.

పదకొండు దాటింది. మంచి ఎండ. ప్యూను గుమ్మంలోకొచ్చి, "అప్పలసూరి!" అని పిలిచేడు.

లేవాలనుకున్నాను. కాళ్ళు కదల్లేదు. అది భయం వల్లేనని ఇప్పటికీ అనుకుంటాను, అందులో వింతేమీ లేదు. కానీ అదే క్షణంలో నా ఎడం పక్కనుంచి, చాలా దగ్గర్నుంచి, "వచ్చేనండి" అన్న మాట వినబడింది. సన్నటి గొంతు. మా వైపు యాస. పరిగెత్తుకొచ్చినవాడిలా కాస్త ఆయాసం.

పక్కకి తిరిగేను. ఎవరూ లేరు. బల్ల మీద ఒక మనిషి పట్టేంత ఖాళీ మాత్రం ఉంది. ప్యూను గుమ్మం కర్టెను ఎత్తి పట్టుకుని, ఒక మనిషి దాటేంత సేపు ఉండి, వదిలేసేడు. పావుగంట పాటు ఇంకో పేరు పిలవలేదు.

ఆ ఖాళీకి అవతల కూర్చున్న శ్రీకాకుళం అబ్బాయిని, "ఇప్పుడు లోపలికెవరెళ్ళేరు?" అని అడిగేను.

అతను నన్ను వింతగా చూసి, "మీతో వచ్చినాయనే కదండీ" అన్నాడు.

లోపలికెళ్ళినవాళ్ళు వెనక గుమ్మం నుంచి బయటికి పోతారు. పరిగెత్తి వెనక్కి వెళ్ళి చూసేను. సైకిలు స్టాండు, ఒక గన్నేరు చెట్టు, అంతే. తిరుగు బండిలో గుడ్డ విప్పి సర్టిఫికెట్లు చూసేను. వరండాలో కూర్చున్నంత సేపూ అవి నా ఒళ్ళోంచి కదల్లేదు, ముడి విప్పలేదు. ప్రతి సర్టిఫికెట్టు వెనకా, సరిచూడడమైనదని ఊదా ఇంకుతో ముద్ర ఉంది. ఆ రోజు తేదీ ఉంది. వేలు పెడితే ఇంకు అంటుకుంది.

ఇంటికొచ్చేక, "బాగా చేసేవేటి?" అని నాన్న అడిగేడు. ఆ ఏడాదిలో ఆయన మళ్ళీ నోరు విప్పి అడిగింది అప్పుడే. నన్ను పిలవలేదు నాన్నా అన్నాను. అది నిజమే. ఆయన కండువా మడిచి పెట్టెలో పెట్టేసేడు.

మేస్టారికి ముద్రలు చూపించేను. ఆయన చాలాసేపు చూసి, "ఇది ఇంకెవరికీ చెప్పకు, నీకు ఎక్కడా ఉద్యోగం ఇవ్వరు" అన్నారు. సర్టిఫికెట్లు ఆమెకి ఇచ్చెయ్యమని ఆయనకే అప్పగించేను.

దసరా వెళ్ళేక ఆమె మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. ఈసారి పొడుగు కవరు. విప్పి చదివేను. ఆర్. అప్పలసూరిని గుమాస్తాగా నియమించడమైనది, పదిహేను రోజుల్లో హాజరు కావలెను.

"వచ్చిందేటి?" అంది.

"వచ్చిందమ్మా."

పేరు ఉన్న చోట ఇంకోసారి చదవమంది. చదివేను. ఆ పేరు మీద వేలు పెట్టి చూపించమంది. చూపించేను. ఆమె ఆ చోట తన వేలు పెట్టి అలాగే ఉంచింది.

నాకప్పుడు ఆమె మీద జాలి కలగలేదని ఒప్పుకోవాలి. ఈర్ష్య కలిగింది. చచ్చిపోయినవాడి మీద ఈర్ష్య. ఆ ఏడాదిన్నరలో నా పేరు మీద పంపిన ఒక్క దరఖాస్తుకీ రెండు ముక్కల జవాబు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. చివరికి దేవరాపల్లి దగ్గర ఒక బడిలో టెంపరరీ పంతులుగా చేరేను. గుమాస్తాని కావాలన్న ఆశ అక్కడితో పోయింది.

ఆ రోజు, ఆఫీసుకి జవాబు రాయాలి కదా అని మేస్టారన్నారు. నేను కిటికీ పక్క మిషను ముట్టుకోకుండా తెల్ల కాగితం తీసుకుని చేత్తో రాయడం మొదలెట్టేను. అప్పలసూరి పోయిన కార్తీకంలో చనిపోయినందున అని రాసి, ఆమెకి చదివి వినిపించేను.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అలగ రాయకు బాబూ. ఉద్దోగం వచ్చీసేక సచ్చిపోయేడని రాయి."

మేస్టారి వైపు చూసేను. ఆయన కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తున్నారు. ఆ కాగితం చింపేసి ఇంకోటి తీసుకుని, ఆమె చెప్పినట్టే రాసేను. ఆమె కింద వేలిముద్ర వేసింది. నేనే తీసుకెళ్ళి పోస్టులో వేసేను.

ఆ ఉత్తరంలో నేను రాసింది అబద్ధమో, నిజమో నాకు ఈనాటికీ తెలియలేదు.