పాప పేరున్న పత్రిక

డెబ్బైల నాటి సంగతి. వాన తగ్గేదాకా ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూములో కూర్చున్నాను. కలకత్తా బండి దిగిన ఒక తెలుగు పెద్దావిడ, నా చేతిలో ఇంగ్లీషు పేపరు చూసి పక్కకొచ్చి కూర్చుంది. వాళ్ల ఇల్లు ఆ ఊళ్లోనే మలంచా పేటలోనట, భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరట. కలకత్తాలో జీవకణాల మీద పరిశోధన చేస్తున్న కూతురు నెల కిందటే కామెర్లతో పోయిందట. ఆ పిల్ల సామాను తెచ్చుకోవడానికి వెళితే, అక్కడి ప్రొఫెసరు ఒక విదేశీ పత్రిక చేతిలో పెట్టాడట.

“ఇందల మా పాప పేరుందన్నారు బాబూ. ఎక్కడో సూపించండి.”

వెతికి చూపించాను. ఆవిడ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, ఇక తియ్యలేదు.

“పాప గురించి ఏటి రాసినారు?”

“మీ అమ్మాయి కనిపెట్టినదాని ఆధారంగానే ఇది రాసిన విదేశీ శాస్త్రవేత్తలూ పని చేస్తున్నారటమ్మా. తను ముందుముందు రాయబోయేవాటి కోసం ఎదురుచూస్తున్నామని రాశారు.”

ఆవిడ వేలు తియ్యకుండానే తలెత్తి నన్ను చూసింది.

“పాప పోనాదని ఆళ్లకి తెల్దేటి?”

“తెలిసుండదమ్మా.”

“సెప్పకండి బాబూ,” అంది, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. “ఆళ్ల కాడైనా బతికుండనీండి.”

అలాగేనమ్మా అన్నాను. ఇన్నేళ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.